చేప ఎందుకు ఎండలేదు?

మొన్న ఆదివారం పొద్దున్న గోరుచిక్కుడుకాయలు ముందేసుకుని ఈనెలు తీస్తున్నాను. ఏడో తరగతి చదువుతున్న మా మనవరాలు వర్కుబుక్కు పట్టుకొచ్చి నా ఎదురుగా బాసింపట్టు వేసుకుని కూర్చుంది.

"అమ్మమ్మా, థీమ్ అంటే ఏమిటి?"

ముప్ఫై ఒక్క ఏళ్లు బెజవాడలో తెలుగు పాఠాలు చెప్పి రిటైరైన దాన్ని. ఈమాత్రం ప్రశ్నకి తడుముకుంటానా? చేతిలో కాయ చేతిలో ఉండగానే, "ఏముందే, కథలో నీతి" అనేశాను.

"కాదు. నీతి వేరు, థీమ్ వేరు అని మా మిస్ చెప్పింది. రెండూ ఒకటేనని రాస్తే మార్కులు రావు."

"అలాగా! మరి రెండో ప్రశ్న ఏమిటి?"

"పాయింట్ ఆఫ్ వ్యూ. కథ ఎవరి వైపు నుంచి చెప్పారో రాయాలి."

చెప్పొద్దూ, నాకు సిగ్గేసింది. తెలియక చెబితే సరే, తెలిసి ఉండి చెప్పాను. ఈ రెండు మాటల సంగతీ నాకు నలభై ఏళ్ల కిందట ఒక ఏడో తరగతి పిల్లే నేర్పింది. నేర్చుకున్నదంతా నేర్చుకుని, అడగ్గానే నోటికి వచ్చింది మాత్రం ఆ పాత మాటే. అలవాటంటే అంత గట్టిది మరి!

మనకి కథంటే నీతి అనే అలవాటు నిన్నా మొన్నా వచ్చింది కాదు. 1853లో పరవస్తు చిన్నయసూరి నీతిచంద్రిక వచ్చింది. ఎన్నో తరాల పిల్లలు బళ్లో ఆ పుస్తకం చదివారు. పేరులోనే నీతి ఉంది. అప్పట్నించీ కథ పూర్తికాగానే "కాబట్టి పిల్లలూ" అని అందుకోకపోతే మాస్టర్లకీ టీచర్లకీ అన్నం అరగదు. పరీక్షల ముందు ఏలూరు రోడ్డు పుస్తకాల షాపుల్లో గుట్టలుగా పేర్చే గైడ్లలోనూ అంతే. కథ ఎంత పొడుగైనా ఇతివృత్తం ఒక్క వాక్యం. ఆ వాక్యం బట్టీ పట్టి దించేస్తే మార్కులు. గైడ్లని అని లాభమేమిటి? వాటికంటే ముందే ఆ వాక్యాన్ని నల్లబల్ల మీద రాసి, కింద రెండు గీతలు గీసి, "ఇదే రాయండి" అన్నదాన్ని నేను.

ఇందులో ఒక తమాషా ఉంది. పంచతంత్రంలో మిత్రభేదం తీసుకోండి. కుందేలు సింహానికి బావిలో దాని నీడే చూపించి దూకించిన కథ మనకందరికీ తెలుసు. బలం కన్న బుద్ధి గొప్పదని దానికి నీతి చెబుతాం. మరి పంచతంత్రంలో ఆ కథ చెప్పేదెవరు? దమనకుడనే నక్క. ఎప్పుడు చెబుతుంది? ప్రాణస్నేహితులైన సింహాన్నీ ఎద్దునూ విడగొట్టాలని ఎత్తు వేస్తూ, తన ఎత్తు పారుతుందని ఇంకో నక్కకి ధైర్యం చెప్పడానికి. అంటే మనం పిల్లలచేత వల్లె వేయిస్తున్న నీతి, స్నేహం చెడగొట్టబోయేవాడి నోటి మాటన్నమాట! కథ ఒక్కటే. అమ్మ చెబితే ధైర్యం, దమనకుడు చెబితే కుట్ర. ఎవరు చెబుతున్నారని అడక్కుండా ఏం చెబుతున్నారని అడిగితే ఇలాగే మోసపోతాం. నీతి కోసం మనం వెతికే పుస్తకమే ఈ సంగతి చెబుతోంది. వినిపించుకోనిది మనమే.

ఇక ఆ పిల్ల సంగతి.

1983లో అనుకుంటాను. ఏడో తరగతి యూనిట్ పరీక్షకి ఒక ప్రశ్న ఇచ్చాను. ఏడు చేపల కథ మీకు తెలియనిది కాదు. రాజుగారి ఏడుగురు కొడుకులు వేటకెళ్లి ఏడు చేపలు తెచ్చి ఎండబెట్టారు. ఆరు ఎండాయి, ఒకటి ఎండలేదు. ఎందుకు ఎండలేదంటే గడ్డిమోపు అడ్డమంది. గడ్డిమోపునడిగితే ఆవు మెయ్యలేదంది. ఆవు పాలేరు మీద చెప్పింది. పాలేరు, అమ్మ అన్నం పెట్టలేదన్నాడు. కొన్ని ఊళ్లలో అమ్మకి బదులు అవ్వ అంటారు. అమ్మ, పిల్లాడు ఏడ్చాడంది. పిల్లాడు, చీమ కుట్టిందన్నాడు. చీమ మాత్రం ఎవరి మీదా నెట్టలేదు. తన బంగారు పుట్టలో వేలు పెడితే కుట్టనా అంది. ఈ కథ ఇతివృత్తం రాయమన్నాను. పది మార్కులు.

నా మనసులో ఉన్న జవాబు "ప్రతి కార్యానికీ ఒక కారణం ఉంటుంది" అని. క్లాసులో చెప్పాను కూడా. నలభైమంది నలభై రకాల అచ్చుతప్పులతో అదే రాశారు. ఒక్క పిల్ల మాత్రం ఇలా రాసింది: "ఈ కథ ఇతివృత్తం ఏమనగా, ఆ ఇంట్లో పిల్లాడిని ఎత్తుకోడానికి ఇంకో మనిషి లేదు."

ఏం చేశానంటారా? ఎర్రసిరాతో పెద్ద సున్న చుట్టాను. చుట్టి ఊరుకోలేదు. క్లాసులో చదివి వినిపించాను. పిల్లలంతా నవ్వారు, నేనూ నవ్వాను. ఆ పిల్ల తల వంచుకుని కూర్చుంది. అసలే రోజూ ఆలస్యంగా వస్తుందని నాకు దాని మీద కోపం. అప్పటికి నెల రోజులుగా మొదటి పీరియడంతా గుమ్మం బయట నిలబెడుతున్నాను.

ఆ తర్వాత వారం వరసగా మూడు రోజులు బడికి రాలేదు. హాజరుపట్టీలో పేరు కొట్టెయ్యాల్సి వస్తుందేమోనని సాయంత్రం అడుగుతూ అడుగుతూ వాళ్లింటికి వెళ్లాను. రైవస్ కాలువ గట్టు మీద తాటాకుల ఇల్లు. వాళ్లమ్మ ఆకుకూరల గంప ఎత్తుకుని చీకటితోనే కాళేశ్వరరావు మార్కెట్టుకి వెళితే వచ్చేసరికి ఏ వేళవుతుందో చెప్పలేం. నేను వెళ్లేసరికి ఈ పిల్ల చంకలో తమ్ముడు. చంకలో పిల్లాడు ఉండగానే పొయ్యి మీద ఎసరు చూస్తోంది. పిల్లాడు ఏడుస్తున్నాడు. అన్నం ఇంకా ఉడకలేదు.

నన్ను చూసి కంగారుపడి, "టీచర్ గారూ, రేపు వస్తానండీ. తమ్ముడికి జ్వరం తగ్గిందండీ" అంది.

నాకు మాట రాలేదు. నేను దిద్దిన కాగితం ముందు నేనే నిలబడినట్టయింది. కథలో ఉన్న ఏడెనిమిది మందిలోకీ రెండు పనులు ఒక్కసారి మీద పడ్డ మనిషి ఒక్కతే. ఆ అమ్మ. పిల్లాడు ఏడుస్తున్నాడు, పాలేరు అన్నానికి కూర్చున్నాడు. నలభైమంది పిల్లలూ, నేనూ ఆ కథని రాజుగారి కొడుకుల వైపు నిలబడి చదివాం. మా చేప ఎందుకు ఎండలేదని అడిగేవాళ్ల వైపన్నమాట. ఈ పిల్ల పొయ్యి దగ్గర నిలబడి చదివింది. నాకూ వంటిల్లు ఉంది, నాకూ చంటిపిల్ల ఉంది. ఆ రోజుల్లో పసిదాన్ని అత్తగారి ఒళ్లో వదిలి బడికి పరుగెత్తేదాన్ని. మా ఇంట్లో ఎత్తుకోడానికి ఇంకో మనిషి ఉంది కాబట్టి ఆ కథలో లేని మనిషి నాకు కనబడలేదు.

మర్నాడు ఆ కాగితం తెప్పించుకున్నాను. ఎర్రసిరా చెరిగితే చెరగదు. అంచేత సున్నకి ముందు ఒకటి పెట్టాను. పదికి పది. అందరూ వింటుండగా మళ్లీ చదివాను. ఈసారి ఎవరూ నవ్వలేదు. ఆ మధ్యాహ్నం నా పుస్తకంలో ఒక ప్రశ్న రాసుకున్నాను: "ఈ కథని నువ్వు ఎక్కడ నిలబడి చదువుతున్నావు?"

అక్కడినుంచి నా పాఠం మారింది. విమర్శకులు దీన్ని దృష్టికోణం అంటారు. వల్లంపాటి వెంకటసుబ్బయ్యగారి 'కథాశిల్పం', సాహిత్య అకాడెమీ బహుమతి పొందిన పుస్తకం, కథకి వస్తువు ఏమిటి, దృష్టికోణం ఏమిటి అని పెద్దవాళ్లకి విడమరిచి చెబుతుంది. పన్నెండేళ్ల పిల్లలకి ఆ భాష కొరుకుడు పడదు. వాళ్లకి కొండ చూపించాలి.

మన ఊళ్లో కొండకేం కరువు? ఇంద్రకీలాద్రి బొమ్మ గీసుకు రమ్మన్నాను, ఎవరింటి దగ్గర నుంచి కనబడినట్టు వాళ్లు. కృష్ణలంక పిల్ల ఒకలా గీసింది. విద్యాధరపురం పిల్లాడు ఇంకోలా గీశాడు. బ్యారేజీ దాటి సీతానగరం నుంచి వచ్చే పిల్ల ముందు నది గీసి, నది మీద కొండ నిలబెట్టింది. మూడు బొమ్మలూ పక్కపక్కన అంటించి, "ఇందులో ఏది తప్పు?" అని అడిగాను. పిల్లలు చాలాసేపు చూసి, "ఏదీ తప్పు కాదండీ. ఎక్కడ నిలబడ్డారో రాయాలండీ" అన్నారు. అదే పాఠం. అంతకంటే నేను చెప్పగలిగింది లేదు.

ఆ తర్వాత ముళ్లపూడి వెంకటరమణగారి బుడుగుని క్లాసులోకి తెచ్చాను. బుడుగు కథ బుడుగే చెబుతాడు. పెద్దవాళ్లు మాట్లాడుకునేవి తనకి అర్థమైనంత మేరకు మనకి చెబుతాడు. వాడికి అర్థం కానిది మనకి అర్థమై నవ్వొస్తుంది. చెప్పేవాడికి తెలిసింది కొంచెం, చదివేవాళ్లకి తెలిసేది ఎక్కువ. ఆ మధ్యనున్న ఖాళీలోనే హాస్యమంతా ఉంది. "ఇదే కథ రాధ చెబితే ఎలా ఉంటుంది? బామ్మ చెబితే?" అని అడిగితే పిల్లలు గలగలా చెప్పారు. రాధ చెబితే నవ్వు తక్కువ, పని ఎక్కువ ఉంటుందని ఒక పిల్ల అంది. ఆ మాట వ్యాఖ్యానం లేకుండా వదిలేస్తున్నాను, మీకు తెలుసు.

ఇలా మూడు రకాలు పిల్లలకి తేలిగ్గా పట్టుబడ్డాయి. బుడుగులా "నేను" అని చెప్పే కథ ఒకటి. అందరి మనసుల్లోకీ దూరి చూసొచ్చి చెప్పే కథ ఒకటి. ఒక్క మనిషి భుజం మీద కూర్చుని, ఆ మనిషి చూసిందే చూసి చెప్పే కథ ఇంకొకటి. మూడోదే పిల్లల్ని తికమక పెడుతుంది. చెప్పేది కథకుడే అయినా చూసేది పాత్ర. దానికి నాకు దొరికిన ఉదాహరణ గురజాడ వారి 'దిద్దుబాటు'.

ఇక్కడ కాస్త ఆగి మన జిల్లా గొప్ప చెప్పుకోనివ్వండి. దిద్దుబాటు 1910లో బందరు నుంచి వెలువడిన 'ఆంధ్రభారతి'లో అచ్చయింది. చాలాకాలం దాన్నే తొలి తెలుగు కథ అన్నారు. అంతకు ఎనిమిదేళ్ల ముందే, 1902లో, 'హిందూ సుందరి'లో 'ధనత్రయోదశి' అనే కథ వచ్చింది. అదే మొదటిదని వాదించేవాళ్లు ఇప్పుడు చాలామంది ఉన్నారు. రాసినావిడ భండారు అచ్చమాంబ. 1874లో పెనుగంచిప్రోలులో పుట్టింది. కొమర్రాజు లక్ష్మణరావుగారి అక్కగారు. 1902లోనే ఓరుగంటి సుందరీ రత్నమాంబతో కలిసి బందరులో బృందావన స్త్రీ సమాజం పెట్టింది. 1905లో, ముప్ఫై ఏళ్లు దాటీ దాటకముందే కన్నుమూసింది.

రెండు కథలకీ గైడు పద్ధతిలో ఇతివృత్తం రాస్తే ఒకే వాక్యం వస్తుంది: "భార్య భర్తను దిద్దుట." ధనత్రయోదశిలో పండగపూట ఇంట్లో లేమి. యజమాని డబ్బు మీద చెయ్యి వేసిన భర్త. అది మనకొద్దని నిలబడిన భార్య. దిద్దుబాటులో సానిపాటలకి పోయి అర్ధరాత్రి దాటాక ఇల్లు చేరే భర్త గోపాలరావు. నేను పుట్టింటికి పోతున్నాను, నేనింట్లో లేకపోతే మీకు అబద్ధమాడే అవసరం తప్పుతుంది అనే అర్థంతో ఉత్తరం రాసిపెట్టిన భార్య కమలిని. ఇద్దరు భార్యలూ దిద్దారు, ఇద్దరు భర్తలూ దిద్దుకున్నారు. నీతి ఒక్కటే. అయితే రెండూ ఒకటే కథా?

కాదని పిల్లలకి చదవగానే తెలిసింది. ఎందుకో చెప్పడానికే దృష్టికోణం కావలసివచ్చింది. అచ్చమాంబ కథలో భార్య మన ఎదురుగా ఉంటుంది. ఆవిడ మాట మనకి వినబడుతుంది. లేమిలో నిజాయితీగా ఉండడం ఎంత కష్టమో ఆవిడ నోటే వింటాం. గురజాడ కథలో మనం గోపాలరావుతో పాటే ఇంట్లోకి వస్తాం, ఆయనతో పాటే వెతుకుతాం, ఆయన కంగారే పడతాం. కమలిని కనబడదు. ఆవిడ నుంచి మనకి అందేది ఒక్క ఉత్తరం. చివరికి మంచం కింద నుంచి నవ్వూ గాజుల చప్పుడూ వినబడేదాకా, ఆవిడ అక్కడే ఉండి అంతా వింటోందని ఆయనకీ తెలియదు, మనకీ తెలియదు.

అంచేత అచ్చమాంబ కథ వస్తువు ఆడదాని వివేకం. గురజాడ కథ వస్తువు, నన్నడిగితే, మగవాడి తెల్లబోవడం. చదువు నేర్పిన భార్య ఆ చదువుతోనే తనకి ఉత్తరం రాస్తే ఆ పెద్దమనిషికి ఎలా ఉంటుందన్నది. రెండు కథలూ మంచివే. ఒకటి ఆవిడ గురించి, రెండోది ఆవిడని గురించి ఆయనకి తెలిసొచ్చినదాన్ని గురించి. ఈ తేడా చూపించలేని ఇతివృత్తం ఎంత చక్కటి దస్తూరీతో రాసినా ఇతివృత్తం కాదు. ఎవరు చూస్తున్నారో ముందు తేల్చుకోకపోతే, ఏమిటి చెబుతున్నారో తేలదు.

పిల్లలకి ఒక పని ఇచ్చాను. "మంచం కింద నుంచి దిద్దుబాటు కథ రాయండి." ఎంత బాగా రాశారనుకున్నారు! దుమ్ముకి తుమ్ము వస్తుంటే కొంగు నోట్లో కుక్కుకుందని ఒక పిల్ల రాసింది. నవ్వు రాలేదనీ, ఆయన నిజంగా మారతాడో లేదో ఆలోచిస్తూ ఉందనీ ఇంకో పిల్ల రాసింది. ఒక మగపిల్లాడు నేను ఇచ్చిన పని మానేసి, అర్ధరాత్రి నిద్ర మధ్యలో యజమాని కోపానికి చిక్కిన నౌకరు రాముడి వైపు నుంచి రాసుకొచ్చాడు. భార్యాభర్తల సరసం బాగానే ఉందిగాని మధ్యలో నిద్ర పోయింది రాముడిదని తేల్చాడు. సున్న చుట్టలేదు లెండి, అప్పటికి నాకు బుద్ధి వచ్చింది.

దీనికి మా స్టాఫు రూములో ఒక అభ్యంతరం వచ్చింది, అది కొట్టిపారేసేది కాదు. "ఎవరిష్టం వచ్చినట్టు వాళ్లు ఇతివృత్తం రాస్తే, ఇంక తప్పు జవాబంటూ ఉండదా? దేన్ని చూసి మార్కులు వేస్తారు?" అన్నారు ఒక సీనియరు మేష్టారు. నిజమే. ఏడు చేపల కథకి ఇతివృత్తం "సముద్రపు చేప రుచిగా ఉంటుంది" అని రాస్తే మార్కులు వెయ్యలేం.

అందుకని మూడు మెట్లు ఏర్పాటు చేసుకున్నాం. మొదటిది విషయం. అది ఒక్క మాట: పని, దొంగతనం, అబద్ధం, స్నేహం. రెండోది వస్తువు. ఆ విషయం గురించి కథ ఏమంటోందో ఒక పూర్తి వాక్యం. అది "చెయ్యి", "చెయ్యకు" అని ఉండకూడదు. అలా ఉంటే నీతి. నీతి మనకి చేసే హెచ్చరిక, వస్తువు కథ కనిపెట్టిన సంగతి. "అబద్ధమాడకు" అన్నది నీతి. "ఒక అబద్ధం నిలబడాలంటే ఇంట్లో ఇంకొకరు నోరు మూసుకోవాలి" అన్నది వస్తువు. మూడోది సాక్ష్యం. రాసిన వాక్యాన్ని పట్టుకుని కథలో ప్రతి మనిషి దగ్గరికీ వెళ్లాలి. ఇది నీ విషయంలో నిజమేనా అని అడగాలి. ఎవరి దగ్గర ఆగిపోతే అక్కడ వాక్యం సరిచేసుకోవాలి. చేప రుచి వాక్యం గడ్డిమోపు దగ్గరే ఆగిపోతుంది. నా కార్యకారణం అమ్మ దాకా వెళుతుందిగాని, ఆ అమ్మ అలసట దానికి కనబడదు. ఆ పిల్ల వాక్యం అమ్మ దగ్గర మొదలుపెట్టి ఇటు చేప దాకా, అటు చీమ దాకా రెండువైపులా నడిచింది. ఎత్తుకునే మనిషి ఉంటే పిల్లాడి వేలు పుట్టలోకి వెళ్లేదా చెప్పండి? పదికి పది నేను జాలిపడి వెయ్యలేదు సుమండీ. లెక్క ప్రకారమే వచ్చాయి.

ఇదంతా బడిలో టీచర్లు చూసుకోవలసిన పని, మాకెందుకంటారేమో. మన ఇళ్లలో ఈ పాఠం ఎప్పట్నించో ఉంది. 1947లో మొదలై ఎన్నో ఏళ్లు మనింట్లో మనిషిలా మెలిగిన చందమామ ఇప్పుడు రావడం లేదుగాని, అందులో బేతాళకథ గుర్తుందా? కథంతా చెప్పి బేతాళుడు ఒక ప్రశ్న వేస్తాడు. వీళ్లలో ఎవరిది న్యాయం, ఎవరిది త్యాగం, ఆ మనిషి అలా ఎందుకు చేశాడు అని. జవాబు తెలిసీ చెప్పకపోతే తల పగులుతుంది. నీతి ఏమిటని అడిగిన బేతాళుణ్ణి నేను చూడలేదు. మా అమ్మ చందమామ చదివి వినిపిస్తూ, ప్రశ్న రాగానే జవాబు మీద అరచెయ్యి మూసేది. "నువ్వు చెప్పు" అనేది. నేనొకటి, మా అన్నయ్య ఒకటి చెప్పేవాళ్లం. ఇద్దరం దెబ్బలాడుకునేవాళ్లం. ఆ తర్వాతే చెయ్యి తీసేది. ఒక్కోసారి విక్రమార్కుడి జవాబు కన్న మా అన్నయ్య జవాబే బాగుందని తేల్చేది. మా అమ్మ అయిదో తరగతి చదువుకుంది. ఆవిణ్ణి మించిన సాహిత్య విమర్శకురాలిని నేను చూడలేదు.

గైడు చేసే పని సరిగ్గా దానికి తిరకాసు. జవాబు మీద చెయ్యి తీసేసి, ప్రశ్న మీద మూస్తుంది.

ఆ కాలువగట్టు పిల్ల ఏడో తరగతి గట్టెక్కి వెళ్లిపోయింది. ఇప్పుడు ఎక్కడుందో తెలియదు. యాభై దాటి ఉంటుంది. అప్పటికి నేను గుమ్మం బయట నిలబెట్టిన రోజులకి మాత్రం ముందు ఒకటి పెట్టే వీలు లేకపోయింది.

"అయితే ఇప్పుడు థీమ్ ఏం రాయను అమ్మమ్మా?" అంది మా మనవరాలు, ఇదంతా విన్నాక.

"నీ వర్కుబుక్కులో కథ ఏదో చదువు. ఎవరి వైపు నుంచి చెప్పారో ముందు చూడు. ఎవరి వైపు చెప్పలేదో అదీ చూడు. తర్వాత రాద్దాం."

అది కథ చదవడం మొదలుపెట్టింది. మధ్యలో ఆగి, "అమ్మమ్మా, అందరూ చేపని ఎందుకు ఎండలేదనే అడిగారుగాని, దానికి అసలు ఎండాలని ఉందా అని ఎవరూ అడగలేదేం?" అంది. నేను చిక్కుడుకాయ పట్టుకుని అలాగే ఉండిపోయాను. నలభై ఏళ్లుగా నాకు తోచలేదు ఆ మాట!

ఇంతలో మా అమ్మాయి వంటింట్లోంచి కేకేసింది, "పన్నెండవుతోంది, కూరకి కాయలు ఇంకా కాలేదేమిటమ్మా?"

"నీ కూతురు ప్రశ్న వేసింది" అన్నాను.

"ఎందుకు వేశావే?"

"మా మిస్ హోంవర్కు ఇచ్చింది" అంది మనవరాలు.

మా అమ్మాయి గరిటె చేత్తో పట్టుకుని వచ్చి, మా ఇద్దర్నీ చూసి, ఏమనుకుందో ఏమో, పీట వాల్చుకుని కూర్చుని తనూ ఒక గుప్పెడు కాయలు ముందుకు లాక్కుంది.